నేను వడగట్టి ఇచ్చిన ట్రేస్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆఫీసులో మరీ. హన్మకొండలోని మా చిన్న కంపెనీ సర్వర్లన్నీ నేనే చూస్తాను. ఒక్కో సర్వర్ మీద, విడివిడి కంప్యూటర్లలా పనిచేసే వర్చువల్ మెషిన్లు పదేసి నడుస్తాయి. వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. అది ఎప్పుడు ఏ పని చేసిందో వరసగా రాసిపెట్టేదే ట్రేస్. నిండా అంకెలే. ఆఫీసులో దాన్ని చదవగలిగింది నేనొక్కడినే, ఆ సంగతి అందరికీ గుర్తుచేస్తూ ఉండేవాణ్ని కూడా.

కాశిబుగ్గ నుంచి వచ్చే ఒక అమ్మాయి అప్పుడు ప్రొబేషన్‌లో ఉంది. ఒక దవాఖానలో రోగులకు టోకెన్లిచ్చే ప్రోగ్రాం ఆమెది, నడిచేది నా సర్వర్ మీది ఒక మెషిన్‌లో. అది రోజూ కాసేపు బిగుసుకుపోయేది.

"అన్నా, నా కోడ్‌ల ఏం దొరుకుతలేదు. మెషిన్ మొత్తమే ఆగుతాంది. జర కింద ఏమైతాందో చూస్తవా?" అని అడిగింది.

నా సర్వర్‌నే వేలెత్తి చూపుతుందా అని ఒళ్లు మండింది. ట్రేస్‌కు ఆమె మెషిన్ నంబరుతో ఫిల్టర్ పెట్టి, మిగతాదంతా తీసేసి, ఒక్క పేజీ ప్రింటు తీసి మీటింగులో మేనేజర్ ముందు పెట్టాను. "చూడుండ్రి సార్, మనం ఆపినట్టు ఒక్క లైన్ లేదు. ఆమె ప్రోగ్రామే పండుకుంటాంది" అన్నాను. అందరూ నవ్వారు. తప్పు తనదేనని ఆ సాయంత్రం ఆమె దవాఖానకు మెయిల్ రాసింది. ఆమె ప్రొబేషన్ పొడిగించారు.

వారం తర్వాత నా సొంత మెషిన్ ఒకటి అలాగే బిగుసుకుంది. నాది కనుక ఫిల్టర్ లేకుండా ట్రేస్ మొత్తం చదివాను. బ్యాకప్ కోసం నేను రాసిన స్క్రిప్టే కాపీ తీసేముందు మెషిన్లను ఆపుతోంది. ఆపమన్న ఆ లైను, ఆగిన మెషిన్ నంబరు కింద పడదు, సర్వర్ పేరు కింద పడుతుంది. నా ఫిల్టర్ తీసేసింది సరిగ్గా ఆ లైన్లనే. ఆనాటి పూర్తి ఫైలు తెరిచాను. ఆమె ప్రోగ్రాం బిగుసుకున్న ప్రతి టైముకూ ఆపమన్న లైను ఒకటి ఉంది.

ఇంతకన్నా సిగ్గుచేటు, రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చడీచప్పుడు లేకుండా స్క్రిప్ట్ సరిచేసి ఊరుకున్నాను. టోకెన్ల ప్రోగ్రాం ఆగడం మానేసిందని మేనేజర్ మీటింగులో ఆమెను మెచ్చుకున్నాడు.

"నేనేం చేయలే సార్. దానంతటదే మంచిగైంది" అంది ఆమె.

ఇక కూర్చోలేకపోయాను. లేచి, అందరి ముందే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఉద్యోగం ఖాయమైంది. క్షమించమని అడిగితే, "కోపం లేదన్నా. గా కాయితం చూసినంక మాత్రం నా కోడ్‌ను నేనే నమ్మలే" అంది.

ఆ తర్వాత ట్రేస్‌ను ఎవరైనా చదివేలా మార్చాను. ఇప్పుడు అంకెల బదులు మాటలుంటాయి. ఏ మెషిన్‌ను ఎవరు ఎంతసేపు ఆపారో, ఫిల్టర్ ఏమేం తీసేసిందో పైనే కనిపిస్తుంది. బాగుందని అందరూ అన్నారు. ఆమె మాత్రం నేను పంపిన ప్రతి ట్రేస్ చదివాక నా సీటు దాకా వచ్చి అడుగుతుంది.

"గింతేనా అన్నా, ఇంకేమన్న తీసేసినవా?"

లేదని చెప్పి, పూర్తి ఫైలు కూడా పంపిస్తాను.