హార్మోన్ వేయని డిష్

2007 వానాకాలం. అప్పుడు నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న పరిశోధన సంస్థలో సెల్ కల్చర్ టెక్నీషియన్‌ని. అంటే శరీరం బయట, గాజు డిష్‌లలో కణాలకు తిండి పెట్టి బతికించే పని. రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చి, చేతులకు స్పిరిట్ రుద్దుకున్నాక రోజంతా ఆ కణాలే నా లోకం. పీహెచ్‌డీ లేదు కాబట్టి మా మాటకు విలువ లేదు, పని మాత్రం మా చేతులే చేయాలి.

అప్పుడు మేం తేల్చాల్సిన సంగతి ఒకటే. ఎలుక పిల్లల గుండెలోంచి తీసిన స్టెమ్ సెల్స్, అంటే ఇంకా ఏ కణంగానూ స్థిరపడని మూలకణాలు, థైరాయిడ్ హార్మోన్ ఇస్తే గుండె కండరంగా మారతాయా? సగం డిష్‌లలో హార్మోన్ వేశాను. మిగతా సగం కంట్రోల్, అంటే పోల్చి చూడడానికి హార్మోన్ వేయకుండా ఉంచినవి.

కొన్ని వారాలకు హార్మోన్ వేసిన డిష్‌లలో కణాలు గుండెలా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. సంబరంగా కంట్రోల్ డిష్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టాను. అందులోని కణాలూ కొట్టుకుంటున్నాయి! ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో రాశాను.

ప్రాజెక్టు నడిపే మా సార్ ఆ పేజీ చూసి మండిపడ్డారు.

"కంట్రోల్‌లో కూడా హార్మోన్ పోసేశావు. ధ్యాస ఎక్కడ పెట్టి పనిచేస్తావమ్మా? ఈ పేజీ చింపేసి, పొరపాటు నాదేనని రాసి సంతకం పెట్టు. లేదా రేపటి నుంచి రాకు."

"నేను పొయ్యలే సార్. జెయ్యని తప్పుకు సంతకం ఎట్ల వెడ్త? నౌకరి పోతే పోనియ్యి."

నోరు జారి అన్న మాట కాదది, కావాలనే అన్నాను. మా ఇల్లు నడిచేది నా జీతం మీదే. అయినా ఆ సంతకం పెడితే ఇటు ఉప్పల్‌లో గానీ అటు నాచారంలో గానీ ఏ ల్యాబూ నన్ను డిష్ ముట్టుకోనివ్వదు.

మర్నాడు పొద్దున్నే, పరగడుపున నా థైరాయిడ్ గోలీ మింగుతుంటే తట్టింది. ఆ ముందు వారమే దవాఖానాలో నా రక్తం తీసి అందులో హార్మోన్ ఎంతుందో చూశారు. మరి మేం కణాలకు తిండిగా పోసే సీరం ఏమిటి? దూడ రక్తం గడ్డకట్టాక మిగిలే తేటే కదా! అది అన్ని డిష్‌లలోనూ పోశాను. ప్రతి సీసా లేబులూ నోట్‌బుక్‌లో అంటించడం నాకు అలవాటు. రావద్దన్నా ల్యాబ్‌కు వెళ్లి, నోట్‌బుక్ తీసి చూశాను. మామూలు సీరమే, హార్మోన్లు తీసేసింది కాదు. తెప్పించమని చీటీ రాసింది సార్, వాడింది నేను, ఇద్దరికీ ఈ సంగతి తట్టలేదు.

లేబుల్ ఆయన ముందు పెట్టాను.

"కంట్రోల్‌ల హార్మోన్ ఉన్నది సార్. సీరంలనే వచ్చింది. బొగ్గుపొడితోని కడిగి మళ్ల జేద్దాం. డిష్‌ల మీద నంబర్లు పక్క ల్యాబ్ మేడం ఏస్తది. ఏది ఏందో నాకూ తెల్వదు, మీకూ తెల్వదు."

"నువ్వు నాకు నేర్పుతావా?"

"నేర్పుత లేను సార్. ఒక్కసారి జూడమంటున్న."

ఏ మూల అనుమానం కలిగిందో గానీ ఒప్పుకున్నారు. ప్రత్యేకమైన బొగ్గుపొడి కలిపి వడగడితే సీరంలోని హార్మోన్లు చాలావరకు బొగ్గుకు అంటుకుని పోతాయి. కడిగిన సీరంతో సగం, మామూలు సీరంతో సగం మొదటి నుంచి చేశాం. చివరికి మేడం నంబర్ల చీటీ విప్పి చదివింది. కడిగిన సీరం మాత్రమే పోసిన డిష్‌లలో కణాలు కదల్లేదు. అదే సీరానికి హార్మోన్ కలిపినవి కొట్టుకుంటున్నాయి. మామూలు సీరంలో ఏమీ కలపకుండానే కొట్టుకుంటున్నాయి. సార్ ఆ చీటీ తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

కొన్నాళ్లకు బయటి నుంచి వచ్చిన సైంటిస్టులకు సార్ అదే పేజీ తెరిచి చూపిస్తూ, "ఈ తేడా నేను మొదట్లోనే పట్టుకున్నాను" అన్నారు. చేతిలోని ట్రే కింద పెట్టాను.

"ఆ పేజీ చింపమన్నరు గద సార్. నేనే చింపలే."

సార్ ముఖం ఎర్రబడింది. ఆ వచ్చినవాళ్లలో పెద్దాయన నోట్‌బుక్ నా వైపు తిప్పి, "అయితే మీరే చెప్పండమ్మా" అన్నారు. చెప్పాను, లేబుల్ దగ్గర మొదలుపెట్టి చివరిదాకా.

కంట్రోల్ అంటే ఏమీ లేనిది కాదు, అందులో ఏముందో మనకు తెలిసినది. నాకు ఈ ప్రయోగం నేర్పింది అదే. ఆ డిష్‌లో ఏమీ లేదనుకున్నారు. టెక్నీషియన్ బుర్రలోనూ ఏమీ లేదనుకున్నారు. రెండింటిలోకీ తొంగి చూడకుండానే.