దఫేదార్ చూడని గిట్ట

మొన్న మా గ్యారేజీ ముందునుంచి ఒక పెళ్లి ఊరేగింపు పోయింది. బ్యాండు కాసేపు ఆగినప్పుడు సిమెంటు రోడ్డు మీద గుర్రం నడిచే చప్పుడు విడిగా వినిపించింది. మూడు అడుగులు గట్టిగా, నాలుగోది మెత్తగా. నేను ఒక ఆటో కింద పడుకుని పని చేస్తున్నాను. తల బయటపెట్టి చూడకముందే ఆ గుర్రానికి ఒక కాలు నొప్పిగా ఉందని తెలిసిపోయింది. లేచి వెళ్లి గుర్రం పట్టుకున్నవాడికి చెబితే, "ఊరేగింపు అయిపోనీ అన్నా" అన్నాడు. ఆ చప్పుడు వినడం నాకు నేర్పిన మనిషి పోయి పదహారేళ్లయింది. ఆయన గురించి ఈ రాయచూరు చుట్టుపక్కల ఒక తప్పుడు మాట ఇంకా మిగిలి ఉంది. అది నా వల్ల పుట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు మల్లప్ప. మాన్వి దగ్గర పల్లె. అందరికీ దఫేదార్ సాబ్. సైన్యంలో మిగతాచోట్ల హవల్దారు అనే హోదాను గుర్రపు దళంలో దఫేదార్ అంటారు. ఆ సంగతి తెలియనివాళ్లు ఆయనను కలెక్టరాఫీసులో ఎర్రపట్టీ కట్టుకుని నిలబడే దఫేదార్ అనుకుని చేతిలో అర్జీలు పెట్టేవారు. "ఆడ నా గుర్రాన్ని కట్టేసుకోనిస్తరేమో అడిగి రా, అప్పుడు తీసుకపోత" అనేవారు ఆయన, ముఖంలో నవ్వు కనబడనీయకుండా. ఫౌజు భర్తీకి పోయినరోజు గుర్రమెక్కడం ఎవరికి వచ్చని అడిగితే, ఊళ్లో గాడిదనెక్కిన ధైర్యంతో చెయ్యి లేపారట. మొదటి వారంలో తొమ్మిదిసార్లు కింద పడ్డారట. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు రాజస్థాన్ ఇసుకలో జీను మీదే గడిచాయి. యుద్ధంలో ఎంతమందిని చంపావని టాంగా స్టాండులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. సరిహద్దులో గస్తీ తిరిగామనీ, తాను ఎవరినీ చంపలేదనీ చెప్పేవారు. అడిగినవాడి ముఖం చిన్నబోతే మాత్రం ఊరుకునేవారు కాదు. "నా గుర్రం ఒక్క దినం గూడ దప్పితోటి పండలే. గది అడుగు, చెప్త."

మాది రాయచూరు రైల్వే స్టేషను దగ్గర టాంగాలు నడిపిన ఇల్లు. నాకు పందొమ్మిదేళ్లప్పుడు నాన్న పోయాడు. టాంగా, బిజిలి అనే ఆడగుర్రం నా చేతికొచ్చాయి. దఫేదార్ సాబ్ నెలకోసారి పింఛను కోసం ఊళ్లోకి వచ్చేవారు. బస్సు దిగి బ్యాంకుకు పోకముందే మా స్టాండుకు వచ్చి, వరుసగా గుర్రాల కాళ్లెత్తి గిట్టల్లోని రాళ్లు తీసేవారు. ఎవరూ పిలిచేవారు కాదు, ఎవరూ వద్దనేవారు కాదు. ఒకసారి నేను టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటుంటే మెల్లగా చేతిలోంచి తీసుకుని గోడ మీద పెట్టారు. బిజిలి నీళ్లు తాగిందా అని అడిగారు. లేదన్నాను. అది తాగి తల ఎత్తేదాకా నా టీ గోడ మీదే చల్లారింది. అప్పటినుంచి ఆయన నాకు గురువు. కాలు ఎత్తించడం, లాడం మేకు ఎక్కడ కొట్టాలో చూడడం, కళ్లు మూసుకుని నడక వినడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయన చెప్పిన కథల్లో నాకు బాగా గుర్తున్నది ఢిల్లీ పరేడుది. ఒక ఏడాది ఆ పరేడులో గుర్రాల మీద నడిచే సవార్లలో ఆయన పేరు వచ్చింది. ఊరికి ఉత్తరం రాస్తే వాళ్ల నాన్న అప్పటిదాకా దూరపు రైలెక్కనివాడు, రొట్టెల మూట కట్టుకుని ఢిల్లీ వెళ్లాడు. పరేడు రోజు తెల్లవారుజామున గుర్రాన్ని నడిపించి చూస్తే ఒక వెనక కాలు వెంట్రుకవాసి తేడాగా పడుతోంది. పక్కవాళ్లెవరికీ కనబడలేదు. చెప్పకుంటే ఆ రెండు గంటలూ గడిచిపోయేవే. మల్లప్ప వెళ్లి అధికారికి చెప్పారు. ఆయన స్థానంలో ఇంకొకరు వెళ్లారు. గుర్రాన్ని వైద్యుడికి అప్పగించి వచ్చి, జనంలో నాన్న పక్కన నిలబడి పరేడు చూశారు. ఆ నాన్న, "నువ్వేది రా, గా గుర్రాల మీద?" అని చివరిదాకా వెతుకుతూనే ఉన్నాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక మాట కలిపేవారు. "గుర్రానికి నోరు లేదు బేటా. దాని నోరు సవారే. అందుకే మా దళంల సవారును ఒక్కసారే అడుగుతరు, కాళ్లు చూసినవా అని. చూసిన అంటే మళ్లొకడు ఎత్తి చూసుడుండదు. ఎత్తితే వాని ఇజ్జత్ తీసినట్టు."

ఆ ఆచారం తెలిసే నేను ఆయనను మోసం చేశాను.

ఊళ్లోకి ఆటోలు వచ్చాయి. నాకూ ఆటో కావాలనిపించింది. అప్పటికి బిజిలి కుడి ముంగాలి నరం దెబ్బతిని కొద్దిగా కుంటుతోంది. తుర్విహాళలో పెళ్లిళ్లకు గుర్రాలు పంపే షరీఫ్ సాబ్, దఫేదార్ చూసి బాగుందంటే కొంటానన్నాడు. గుర్రాల బేరగాళ్ల చెడ్డ కిటుకు ఒకటి నాకు తెలుసు. బాగున్న ఎడమ ముంగాలి లాడం వదులు చేసి, దాని కింద చిన్న గులకరాయి పెట్టి మళ్లీ బిగించాను. పైన పేడ, బురద పూశాను. రెండు కాళ్లూ సమానంగా నొప్పిపెడితే గుర్రం తల ఊపదు. కుంటు కనబడదు.

దఫేదార్ సాబ్ రెండుసార్లు నడిపించి చూశారు. అడుగు పొట్టిగా పడుతున్నదేమని అడిగారు. నాలుగు రోజులుగా కట్టేసి ఉంచానన్నాను.

"కాళ్లు చూసినవా?"

"చూసిన సాబ్."

ఆయన వంగబోయి ఆగారు. నా ముఖం వైపు చూసి, షరీఫ్ సాబ్ వైపు తిరిగి, తీసుకపో అన్నారు.

పది రోజుల్లో ఆ ఎడమ గిట్టలో చీము పట్టింది. షరీఫ్ సాబ్ కబురు నాకు కాక ఆయనకు పంపాడు. ఆయన బస్సెక్కి వెళ్లి లాడం ఊడదీసి రాయి తీశారు. ఇంట్లో పాలిచ్చే బర్రెను తోలించి షరీఫ్‌కు ఇచ్చి గుర్రాన్ని వెనక్కి తీసుకున్నారు. అక్కడే పన్నెండు రోజులుండి, ఉప్పునీళ్లతో కడిగి, వేపాకు కట్టి, చీము ఆగి గుర్రం నడవగలిగేదాకా చూశారు. తర్వాత సింధనూరు రైసుమిల్లుల దగ్గర ఊక మీద విశ్రాంతినిస్తూ మెల్లగా ఊరికి నడిపించుకొచ్చారు. ఇవన్నీ స్టాండులో విన్నాను. రెండు నెలలు నేను ఆ దారిన పోలేదు. పోయినరోజు ఆయన బిజిలికి ఉలవలు పెడుతున్నారు. నన్ను చూసి, "జర ఆ కాలెత్తు, కట్టు మార్చాలె" అన్నారు. ఎత్తాను. గిట్ట అడుగున గుంట ఇంకా పూడలేదు. రాయి ఎవరు పెట్టారని ఆయన అడగలేదు. కట్టు అయ్యాక, గుర్రం తాగిన తర్వాత, వాళ్ల ఇంట్లో నాకు జొన్నరొట్టె పెట్టారు.

ఆ తర్వాత ఎవరు గుర్రాన్ని తెచ్చి చూపించినా ఆయన బాగుందనీ చెప్పలేదు, బాగాలేదనీ చెప్పలేదు. నా మాట ఇగ చెల్లదు అని పంపించేసేవారు. ముసలాయనకు కండ్లు పోయినయంట, కుంటు గుర్రాన్ని బాగుందన్నడంట అని సంతల్లో అనుకున్నారు. నా ముందే అన్నారు. నేను ఆటో హ్యాండిలు పట్టుకుని విన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే నా ఆటోలో ఎవరెక్కుతారని భయపడ్డాను. ఆ తర్వాత ఆయన బతికిన తొమ్మిదేళ్లూ ఆ భయంతోనే గడిపాను.

ఆయన పోయిన నెలకు తుర్విహాళ వెళ్లి షరీఫ్ సాబ్‌కు చెప్పాను. షరీఫ్ సాబ్ మంచం మీద నుంచి లేవకుండా విన్నాడు.

"రాయి నువ్వే పెట్టినవని నాకు అప్పుడే తెలుసు" అన్నాడు. "నీ మీద పంచాయతీ పెడ్తనన్న. దఫేదార్ వద్దన్నడు."

"ఏమన్నరు?"

"వాడు నా చేతికింద తయారైన సవారు, వాని తప్పుకు జవాబ్ నేనే చెప్పాలె అన్నడు. బర్రె తెస్త, ఇగ ఈ మాట ఈడనే ఆపు అన్నడు. ఆపిన."

తిరుగు బస్సులో కూర్చున్నాక గాని నాకు అర్థం కాలేదు, ఆయన నన్ను చివరిదాకా తన దళంలోనే ఉంచుకున్నారని. ఇప్పుడు ఎవరైనా బండి తెచ్చి వదిలి, సాయంత్రం బ్రేకులు చూశావా అని అడిగితే, చూసి ఉన్నా సరే మళ్లీ ఒకసారి తొక్కి చూసిగాని జవాబు చెప్పను. మా కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

టాంగా స్టాండు పాతవాళ్లలో మిగిలిన ఇద్దరికీ ఇంటికి వెళ్లి చెప్పాను. మిగతావాళ్లకు ఇక్కడ చెబుతున్నాను. దఫేదార్ మల్లప్ప కళ్లు చివరిదాకా బాగానే ఉన్నాయి. ఆ రోజు ఆయన నా మాట నమ్మారు, అంతే.