సుబేదార్ గారి హాజరు పట్టీ

ఉత్తరాదిన వైశాలిలో మేముండే బిల్డింగులో పై అంతస్తు సుబేదార్ గారు సైన్యం వదిలి వచ్చినా హాజరు తీసుకోవడం మాత్రం వదల్లేదు. వాతావరణ మార్పుల గురించి మా ఎమ్మెల్యే ఇచ్చిన ప్రతి మాటా ఆయన హాజరు పట్టీలో ఉండేది. ఎలక్ట్రిక్ బస్సులకు ఎదురుగా ‘గైర్హాజరు’ అని రాసుకున్నారు. శాసనసభలో పొగ కాలుష్యం మీద చర్చ జరిగిన రోజున ఎమ్మెల్యేకీ అదే పడింది.

ఎమ్మెల్యే మా పార్కులో ఫొటోగ్రాఫర్ల ముందు నాటిన పన్నెండు వేప మొక్కలకైతే రోజూ పొద్దున్నే హాజరు. ఎండలు ముదిరేసరికి పదకొండు పోయాయి. పన్నెండోదానికి సుబేదార్ గారు చాటుగా బకెట్టుతో నీళ్లు పోస్తూ నాకు దొరికిపోయారు.

"అంకుల్, ఇలాగైతే మీ రికార్డు తప్పైపోదా?"

"ఏం చెయ్యమంటావమ్మా, కళ్లముందే ఎండిపోతుంటే!"

ఎన్నికలొచ్చాయి. ఎమ్మెల్యే భుజాలెత్తు పెరిగిన ఆ వేప మీద చెయ్యేసి, "దేఖియే, చూడండి, నేను నాటిందే!" అని హిందీలో మురిసిపోయారు. సుబేదార్ గారు హాజరు పట్టీ తెరిచి ఆయన ముందు పెట్టారు. వేపకు ఎదురుగా ‘హాజరు. నీళ్లు పోసింది నేను’ అని ఉంది.

"ఠీక్ హై ఎమ్మెల్యే జీ, రేపు పొద్దున ఆరింటికి నీళ్ల డ్యూటీ మీది," అన్నారు.

మర్నాడు ఎమ్మెల్యే నిజంగానే వచ్చారు, ఫొటోగ్రాఫర్లతో. రెండు చెంబులు పోసి కారెక్కారు. బకెట్టులో మిగిలిన నీళ్లు సుబేదార్ గారే పోసి, చేతులు తుడుచుకుని, పట్టీలో నిజాయితీగా రాశారు: ‘హాజరు. ఫొటో అయ్యేదాకా.’