రెండో వరుసకీ నూనె వడ్డించిన మా మావ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. నూనె దండిగా తినే ఎలుకల్లో కాన్సర్ గడ్డలు ఎక్కువగా వస్తాయని ఒకటి, అది తేల్చగానే నా పేరు ముందు డాక్టర్ అన్న మాట వచ్చి కూర్చుంటుందని రెండోది. ఎలుకలన్నిటికీ కాన్సర్ తెప్పించే మందు ఒకేలా ఇచ్చాం. ఆపైన ఎడమ వరుస బోనుల్లో వాటికి నూనె కారే మేతముద్దలు, కుడి వరుసకి నూనె వాసన మాత్రం తగిలిన ముద్దలు. నా భవిష్యత్తంతా ఆ తేడాలోనే ఉంది. (మా నాన్న మాత్రం అడిగినవాళ్లకి "మావోడు శ్రీకాకుళంలో ఎలకలు మేపుతన్నాడు" అని చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.)

గడ్డలింకా కనిపించకముందే నాకు కామెర్లొచ్చాయి. నన్ను చూసుకోడానికి నెల్లిమర్ల అవతల నుంచి వచ్చిన మా మావ ఎలుకల మేత కూడా నెత్తినేసుకున్నాడు. మా వాళ్ల పెళ్లిళ్లలో నెయ్యి వడ్డించేది ఆయనే. పంక్తిలో ఏ విస్తరికీ తక్కువ చెయ్యడని పేరు. ఆ పేరు గురించి నేనప్పుడే కాస్త ఆలోచించాల్సింది.

"ఒరే అల్లుడూ, కుడేపు ఎలకలికీ కామెర్లేటి?"

"కాదు మావా, వాటికంతే పెట్టాలి. ఎందుకని అడక్కు."

అడగలేదు.

రెండు నెలలకి నేను లేచి వెళ్లేసరికి మా గైడు సారు కుడి వరుస ముందు నిలబడి ఉన్నారు. "ఏమయ్యా, నీ పథ్యం ఎలుకలు పెళ్లివారిలా నిగనిగలాడుతున్నాయేం?" గడ్డలు కూడా రెండు వరుసల్లోనూ సమానంగా వెలిశాయి. సారు కళ్లజోడు తుడుచుకుని, "మళ్లీ మొదలుపెట్టు" అని వెళ్లిపోయారు.

గదికొచ్చి మావని నిలదీశాను.

"ఎదురెదురుగా కూకోబెట్టి ఆళ్లకి నూనేసి ఈళ్లకి ఎండుముద్ద ఎట్టడమేటిరా? నా సేతికేసి అలా సూస్తన్నాయి. సూడలేకపోనాను. అందరికీ ఒకేలాగేసినాను."

"నా డాక్టరేటు పోయింది మావా!"

"పోతే మళ్లీ వస్తాది. పంక్తిలో తేడా సేస్తే ఆ ఉసురు పోద్దేటి?"

కొత్త ఎలుకలతో మళ్లీ మొదలుపెట్టాను, మావని ఊరికి బస్సెక్కించాకే. ఈసారి నూనె వరుసలోనే గడ్డలెక్కువ తేలాయి. పట్టా ఆలస్యంగానే అయినా వచ్చింది.

ఇప్పుడు నా గుండెని చూసిన డాక్టరు నెయ్యి మానమన్నాడు. మా ఆవిడ పిల్లల కంచాల్లో నెయ్యి వంచి, నా దగ్గరికి వచ్చేసరికి గిన్నెకి మూత పెట్టేస్తుంది. "కొవ్వు మంచిది కాదని తేల్చింది తమరేగా" అంటుంది. (ఎలుకల సంగతి వేరు, గుండె సంగతి వేరు అంటే వినదు.) మావ పోయి చాలాకాలమైంది. అయినా కుడి వరుసలో బుద్ధిగా కూర్చుని, ఎండుముద్ద కలుపుకుంటూ, ఒకసారి గుమ్మం కేసి చూస్తాను. నెయ్యి గరిటతో వస్తాడేమోనని.