ఏడాదంతా జనవరి

దర్శి బస్టాండు ఎదురు సందులో జయకుమారి డీటీపీ షాపు తెలియని రైతు ఆ చుట్టుపక్కల పల్లెల్లో లేడు. ఆమె టైపింగుకి ఎంత పేరుందో కోపానికి అంతకు రెండింతలు ఉండేది. అర్జీలో సర్వే నంబరు తప్పు చెప్పి, అంతా టైపయ్యాక "అది కాదమ్మా" అని నసిగినవాడి మొహాన కాగితం విసిరి కొట్టేది. విసిరాక తనే వంగి ఏరుకుని, సరిచేసి, నవ్వుతూ చేతికిచ్చేది. తిట్లు తినీ తినీ జనం మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

తల్లి పోయేనాటికి ఆమెకు పధ్నాలుగేళ్ళు, తమ్ముడు సాల్మన్‌కి నాలుగు. వాణ్ణి చంకనేసుకునే టైపు నేర్చుకోవడానికి పోయింది. బళ్ళో వాడి వీపు మీద బెత్తం వాతలు తేలితే మేష్టారి గుమ్మంలో నిలబడి, వీధంతా వినేట్టు కడిగేసి వచ్చింది. తమ్ముడు ఎదిగాక చూద్దామని వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టింది. వాడు ఎదిగి ట్రాక్టరు డ్రైవరయ్యేసరికి సంబంధాలు రావడం మానేశాయి. అయినా ఆమెకేం బెంగ లేదు, వాడుంటే చాలు.

ఆమెను ఏడిపించిందల్లా ఆ కంప్యూటరే. అబ్బబ్బ, ఎన్ని రోగాలు దానికి! పత్తి కంపెనీ వాడు ఫ్లాపీ తెస్తే ఒక వైరస్సు, మిర్చి వ్యాపారి పెన్‌డ్రైవు పెడితే ఇంకొకటి. పొద్దున టైపు చేసిన శుభలేఖ సాయంత్రానికి మాయమయ్యేది. యాంటీవైరస్సు అప్‌డేటు చెయ్యమని పోరేది. ఫోను లైను మీద ఆ అప్‌డేటు నత్తలాగా దిగుతుంటే సగంలో కరెంటు పోయేది. కరెంటొచ్చాక మళ్ళీ మొదటికొచ్చేది. "నేను అర్జీలు టైపు చెయ్యాలా, దీనికి పురుడు పొయ్యాలా?" అని ఆ డబ్బాని కాలితో తన్నేది.

కంప్యూటర్లు బాగుచేసే హయాత్ ఒకరోజు, "అక్కా, ఈ విండోసే పీకేద్దాం. లైనక్స్ వేస్తా. వైరస్సనేది దాని జోలికే రాదు" అన్నాడు. ఆమె సరేనంది. రెండ్రోజులు దుకాణం మూసి మరీ వేయించుకుంది. మూడోరోజు తెలుగులో పెళ్ళికార్డు తెరిస్తే వధూవరుల పేర్లున్నచోట ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కొక్కేలూ బారులు తీరాయి. ఆమె వాడే తెలుగు అక్షరాలు ఆ కొత్తదాంట్లో పనిచెయ్యవట! ఆ ముక్క ముందే చెప్పొద్దూ? కార్డుల కోసం వచ్చిన పెళ్ళికొడుకు మేనమామ అమ్మనా బూతులు తిట్టి పోయాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో, జయకుమారి కీబోర్డు ఊడబీకి బల్లకేసి బాదింది. మీటలు నాలుగు దిక్కులా ఎగిరాయి. విరిగిన ముక్కొకటి, సరిచేద్దామని వచ్చి పక్కన నిలబడ్డ హయాత్ కనుబొమ్మ చీల్చింది.

నెత్తురు చూసి తనే బావురుమంది. గాయానికి పసుపద్ది, కాఫీ తెప్పించి తాగించింది. అతను మళ్ళీ విండోసే వేసి, యాంటీవైరస్సు నెలరోజుల ఉచితంది పెట్టి ఒక కిటుకు చెప్పాడు. "గడువు దగ్గర పడగానే కంప్యూటర్లో డేటు వెనక్కి తిప్పక్కా. ఇంకా మొదటి వారమే అనుకుంటది."

ఆ వీధిలో అందరూ చేసే పనే అది. యాంటీవైరస్సు పెట్టింది 2006 జనవరిలో. అప్పట్నించి నెలాఖరు రాకముందే ఆమె తేదీని జనవరి పన్నెండుకి తిప్పేది. బయట మిరప నారు పోశారు, పత్తి పూత పట్టింది, కాయ పగిలింది. ఆ మిషన్లో మాత్రం ఏడాదంతా జనవరే. వైరస్సుల గోల తగ్గింది. అమ్మయ్య అనుకుందామె.

డిసెంబరు మొదటి వారంలో ఊరి టీ కొట్టు దగ్గర నాగేంద్రబాబు అనే రైతు సాల్మన్‌ని నలుగురిలో చెంప పగలగొట్టాడు. ట్రాక్టరు తన పత్తి చేలో దిగిందని కోపం. సాల్మన్ కుర్రాడు, పైగా అక్క పెంపకం. "నీ అంతు చూస్తా" అని అరిచి వెళ్ళిపోయాడు. మూడోనాడు మిట్టమధ్యాహ్నం నాగేంద్రబాబుని ఎవరో ఆ చేలోనే నరికి చంపారు. మెడ మీద రెండు వేట్లు, చేతుల మీద ఐదు. పగిలిన పత్తి ఎర్రగా తడిసి మొక్కకే వేలాడుతోందని చూసొచ్చినవాళ్ళు చెప్పారు.

మర్నాడు పొద్దున్నే జయకుమారి దుకాణం ముందు జీపాగింది. చచ్చిపోయినవాడి అన్న యలమంద దిగాడు. వెనక ముగ్గురు మనుషులు, చేతుల్లో గొడ్డలి కర్రలు. వాళ్ళ మధ్య సాల్మన్. చేతులు తువ్వాలుతో వెనక్కి కట్టేసి ఉన్నాయి, పెదవి చిట్లి గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది.

జయకుమారి ఒక్క ఉదుటున గుమ్మంలోకొచ్చింది. "ఏందండీ ఇది? పశువుని కట్టినట్టు కట్టారేంది? ఇప్పండి ముందు!"

"ఆగమ్మాయ్" అన్నాడు యలమంద. ఆయన కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. పొలం కాగితాలన్నీ పదేళ్ళుగా ఆమె చేతే టైపు చేయించుకుంటున్న మనిషి. "వీడు నిన్న మధ్యాహ్నం నీ కొట్లో ఉన్నానంటన్నాడు. పోలీసుల దగ్గరికి పోకుండా నీ దగ్గరికే వచ్చా. ఉన్నాడా?"

"ఉన్నాడు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఇక్కడే, ఈ కుర్చీలోనే. ఇంటి స్థలానికి అర్జీ టైపు చేయించుకున్నాడు."

"అయితే బైబిలు మీద చెయ్యేసి ఆ మాట చెప్పు. నీ మీద నాకు గురి ఉంది. ఇక్కడే కట్లు విప్పి పోతా."

బైబిలు ఆమె సొరుగులోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కానీ ఆ మాట ఆమెకు చుర్రుమంది. నా తమ్ముణ్ణి నెత్తురొచ్చేలా కొట్టి, ఇంకా నన్ను ప్రమాణం అడుగుతారా? నా నోటి మాట చాలదా? ఆ పాడు కోపమే, ఇంకేం లేదు!

"ప్రమాణాలెందుకండీ మధ్యలో? ఏ రోజు టైపు చేసిందీ ఇదే చూపిస్తది. నేనైతే తమ్ముడని అబద్ధమాడతానేమో గానీ మిషను ఆడదు" అని విసురుగా కంప్యూటరు ముందు కూర్చుంది.

అర్జీల్లో తేదీ ఖాళీగా వదలడం అక్కడి పద్ధతి. ఆఫీసులో ఇచ్చేరోజు పెన్నుతో రాసుకుంటారు. అందుకని ఆమె కాగితం వైపు చూడనే లేదు. ఫైలు మీద నొక్కి, దాని వివరాలు తెరిచింది. తను ఏం చేస్తోందో ఆ క్షణంలో ఆమెకు తట్టలేదంటే నమ్మండి. యలమంద మనిషి వెంకయ్య పదో తరగతి చదివాడు. ముందుకు వంగి కూడబలుక్కుని పైకి చదివాడు.

"పందొమ్మిది... జనవరి... రెండు వేల ఆరు."

ఆమె కుర్చీలోంచి దిగ్గున లేచింది.

"అది కాదండీ... ఆ డేటు నేనే తిప్పా. వైరస్సు మందు గడువైపోతదని నెలనెలా వెనక్కి తిప్పుతా. హయాత్‌ని అడగండి, ఈ వీధిలో ఎవర్నన్నా అడగండి!" అంటూ సొరుగు లాగి బైబిలు తీసి రెండు చేతులా పట్టుకుంది. "ప్రమాణం చేస్తా, యలమంద గారూ. ఇదిగో, చేస్తన్నా!"

యలమంద మొహం నల్లబడింది. "చెయ్యమన్నప్పుడు మిషను చెప్తదన్నావు. మిషను చెప్పాక చేస్తానంటన్నావు. నా తమ్ముడు శవమై గడ్డి మీద పడున్నాడే! నాతో ఆటలాడతన్నావా?"

"అక్కా!" అని సాల్మన్ అరిచేలోపు మొదటి దెబ్బ వాడి మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినపడింది. వాడు కూలబడ్డాడు. చేతులు కట్టేసి ఉంటే తల కాచుకోవడానికైనా లేదు. రెండోది భుజం మీద. మూడోది వీపు మీద. జయకుమారి అడ్డంపడితే వెంకయ్య జుట్టు పట్టి ఈడ్చి గోడకేసి కొట్టాడు. వీధిలో జనం మూగారు గానీ ఒక్కడూ లోపలికి అడుగు పెట్టలేదు, చచ్చు వెధవలు. యలమంద ఒకడి చేతిలోని కర్ర లాక్కుని రెండు చేతులా పైకెత్తాడు. ఈసారి తలకే.

బల్ల కింద, కరెంటు కోతలకి విసిగి ఆ ఏడే కొన్న యూపీఎస్ ఉంది. పెద్ద బ్యాటరీ ఉన్న ఇనప డబ్బా, నేల మీద నుంచి ఎత్తాలంటేనే ఆయాసమొచ్చేది. దాన్ని వైర్లతో సహా పెరికి, ఎత్తి, వెనకనుంచి యలమంద నెత్తిన వేసింది. ఆయన కిక్కురుమనకుండా పడ్డాడు. పడ్డవాణ్ణి మళ్ళీ ఎత్తి మోదింది. ఎన్నిసార్లో ఆమెకే తెలియదు. అర్జీ కాగితాల మీదా, కీబోర్డు మీదా, ఆమె మొహం మీదా నెత్తురు చిమ్మింది. వెంకయ్యా మిగిలిన ఇద్దరూ కర్రలు పారేసి పారిపోయారు. తమ్ముడి కట్లు పళ్ళతో కొరికి విప్పి, వాడి తల ఒళ్ళో పెట్టుకుని, పోలీసులు వచ్చేదాకా యలమంద శవం పక్కనే కూర్చుంది.

పదిహేనో రోజున నాగేంద్రబాబు బావమరిది కత్తితో సహా వెళ్ళి లొంగిపోయాడు. గట్టు తగాదాలో తనే నరికానని ఒప్పుకున్నాడు.

ఆ కబురు పట్టుకుని సాల్మన్ చంకకర్ర మీద జైలుకొచ్చాడు. ఆ మోకాలు ఇక వంగదని డాక్టరు తేల్చేశాడు. "అక్కా, నా మీద మచ్చ పోయింది. అందరికీ తెలిసిపోయింది" అని కమ్మీలు పట్టుకుని ఏడ్చాడు.

ఆమె ఏడవలేదు. వాడి కాలివైపు చూసి అడిగింది.

"యలమంద గారి భార్య సుబ్బరావమ్మ ఎట్టా ఉందిరా?"

"ఆమె సంగతి ఇప్పుడెందుకక్కా? వాళ్ళు నన్ను చంపబోయారు గదా!"

"చంపడానికి రాలేదురా ఆయన. నిన్ను వదిలేద్దామనే వచ్చాడు. ప్రమాణం చెయ్యమని అడిగింది, నన్ను నమ్మడానికే. నేనే వద్దన్నా."

టైమైపోయిందని వార్డరు పిలిచింది. మందులు వేళకి వేసుకోమని తమ్ముడికి చెప్పి జయకుమారి లోపలికి వెళ్ళిపోయింది.