తొందరపడి తెచ్చుకున్న కాగితం

వీధి చివరి జిరాక్సు షాపాయనకి తనంత తెలివైనవాడు లేడని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆయన కొంప ఒక్కటే ముంచితే పోనీలే అనుకోవచ్చు, పెళ్ళాం కొంపా ముంచింది.

పనిమీద పొరుగూరు వెళ్ళి ఒక ఘనకార్యం వెలగబెట్టాడు. రెండు వారాలకి జ్వరం, గొంతునొప్పి, ఒళ్ళంతా దద్దుర్లు, మెడ కింద బిళ్ళలు. ఆసుపత్రికి పరిగెత్తి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నాడు. లేదని వచ్చింది.

"ఇంత తొందరగా చేస్తే బయటపడకపోవచ్చండీ. మూడు నెలలాగి మళ్ళీ రండి. అందాకా ఇంట్లో జాగ్రత్త," అంది నర్సమ్మ.

వింటేగా! జ్వరం దానంతటదే తగ్గింది. ఆ కాగితాన్ని స్వయంగా లామినేషన్ చేసి బీరువాలో దాచుకున్నాడు. వైరస్‌ని కూడా ప్లాస్టిక్‌లో బిగించేశాననుకున్నాడు కాబోలు, మహానుభావుడు!

ఏడాదిన్నర తర్వాత, ఐదో నెల కడుపుతో ఉన్న ఇల్లాలికి రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తేలింది.

"మీరూ ఒకసారి చేయించుకోండి. మందులున్నాయట. బిడ్డకి రాకుండా చూడొచ్చట," అని బతిమాలింది.

ఆయన ఇంటి పెద్దల్ని కూర్చోబెట్టి, ఆ అట్టముక్క వాళ్ళ మొహాల ముందు ఆడించాడు. "నాకు లేదు. దీనికి ఎక్కణ్ణించి వచ్చిందో దీన్నే అడగండి!" అన్నాడు. ఛీ, ఆ నోరు పడిపోను! కాగితం మీద తేదీ చూసిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. ఆమె కట్టుబట్టలతో పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆరేళ్ళు గడిచాయి. ఈయన ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే బలం కొంచెం కొంచెంగా హరించుకుపోతుంటే, దగ్గుమందు తాగుతూ దర్జాగా కూర్చున్నాడు. నోట్లో తెల్లపూత వచ్చింది. టీబీ వచ్చింది. ప్యాంటు నడుం మీద నిలవడం మానేశాక గానీ రెండో పరీక్షకి పోలేదు.

"అప్పుడే రోజూ మాత్ర మొదలుపెట్టి ఉంటే అందరిలా ఉండేవారు. ఇప్పుడూ మందులు పనిచేస్తాయి. కానీ పాడైన ఊపిరితిత్తి మాత్రం మళ్ళీ మునుపటిలా కాదు," అన్నాడు డాక్టరు.

మాత్రలిచ్చే కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాడు. ముందున్న మనిషి మాత్రల డబ్బా సంచీలో వేసుకుని వెనక్కి తిరిగింది. ఆమే. నిండుగా, ఆరోగ్యంగా ఉంది. పక్కన స్కూలు యూనిఫాంలో కూతురు. పుట్టాక చేసిన పరీక్షలన్నిట్లోనూ ఏమీ లేదని తేలిన పిల్ల.

తప్పయిందన్న మాట ఆ నోటికి రాలేదు. "బాగున్నావా?" అన్నాడు, సిగ్గులేకుండా.

పాప తలెత్తి చూసింది. "ఎవరమ్మా?"

"ఎవరోలే తల్లీ," అందామె, పిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తూ. "పాపం, ఆలస్యంగా వచ్చారు."