చిన్నాయన బ్యాటు

మనవరాలి కొత్త రాకెట్ పిడికి చుట్టిన రబ్బరు వాసన తగిలినప్పుడల్లా నాకు ఆముదం గుర్తొస్తుంది. రెండింటికీ పోలికే లేదు. అయినా, కోచ్ పిల్లలను వరసగా నిలబెట్టి, మనిషితో చెయ్యి కలిపినట్టు పట్టుకోండని చెప్పగానే నా అరచెయ్యి చల్లబడుతుంది.

మా ఊరు కంబదూరు దగ్గర. నిండు చెరువును నేను పెద్దల మాటల్లో తప్ప చూడలేదు. పగుళ్లిచ్చిన ఆ చెరువు నేలను చదును చేసి, పేడనీళ్లు చల్లి, మా నాయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, స్నేహితులతో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. మా గాలికి ఈకల బంతి ఎక్కడ నిలుస్తుంది? పసుపుపచ్చ ఉన్ని బంతి కూడా ఒక్కోసారి కంపచెట్లలోకి కొట్టుకుపోయేది. సజ్జరొట్టెలోకి చెనిక్కాయల ఊరిబిండి నంజుకుని, ఎండ దిగకముందే ఆయన వెంట పరుగెత్తేదాన్ని. ఆడపిల్లకు బ్యాటెందుకని మా అవ్వ సణిగేది గానీ, చిన్నకొడుకు మాటకు అడ్డుచెప్పింది మాత్రం ఎన్నడూ లేదు. పెరట్లో అవ్వ చేటతో కూర్చుని రాళ్లు ఏరుతుంటే, ఆ పక్క గోడకే బంతి కొట్టిస్తూ ఆయన నాకు పట్లు నేర్పేవాడు.

“పీక పిసికినట్ల పట్టుకోవద్దు పాపా. మనిషితో చెయ్యి కలిపినట్ల పట్టుకో. అప్పుడు అదీ నీ చెయ్యి పట్టుకుంటాది.”

కుడిపక్క వచ్చే బంతికి ఆ పట్టే. నెత్తిమీది బంతికీ అదే, కాకపోతే వేళ్లు వదులుగా ఉంచి బంతి తగిలే క్షణంలో బిగించాలి. నెట్టు దగ్గర మెత్తగా జారవిడవాలంటే చెయ్యి పిడి మీద పైకి జరగాలి. ఎడమపక్క వచ్చినదానికి మాత్రం పిడిని కొద్దిగా తిప్పి, బొటనవేలిని వెడల్పు వైపు నిలువుగా ఆనించాలి. వచ్చినదాన్ని వచ్చినచోటికే తిప్పి పంపేది ఆ వేలేననేవాడు. ఆట అయ్యాక పిడికి ఆముదం రాసి గోడకు తగిలించేవాడు.

వాన మొహం చాటేసిన ఒక ఏడు, ఎక్కడో కాలువ తవ్వుతున్నారని విని లారీ ఎక్కి వెళ్లాడు. మళ్లీ రాలేదు. నాయన బళ్లారి దాకా వెతికి ఒట్టిచేతులతో తిరిగొచ్చాడు. అవ్వ రోజూ ఒక ముద్ద సంగటి మూతపెట్టి ఉంచేది. గాలి రేగిన సాయంత్రాల్లో ఎండు చెరువులోంచి బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు వినిపించేది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. భయమేసేది, అయినా ఆ చప్పుడు కోసమే వెళ్లేదాన్ని.

పెద్దల అమావాస్య నాడు, పోయినవాళ్లకు కొత్తబట్టలు, ఇష్టమైన తిండి గదిలో పెట్టి, వాళ్లు వచ్చి తినిపోయేందుకు తలుపు మూసి అందరం బయట కూర్చుంటాం. చిన్నాయన జాడ లేక మూడేళ్లయ్యాక, నాయన ఆయనకూ ఒక పంచె తెచ్చాడు. అది పెడితే ఇక ఆయన చచ్చినవాళ్ల లెక్క. అవ్వ ఆ పంచెను ముట్టలేదు. నాచేత బ్యాటు తెప్పించి, పిడి పొడుగునా తడి విభూతి మెత్తి, రెండు అరచేతుల మీద మోసుకెళ్లి పెద్దలకని చేసిన ఓళిగల పక్కన పెట్టింది.

“పోయుంటే వాడే వచ్చి పట్టుకుంటాడు,” అంది.

మిట్టమధ్యాహ్నం. ఆకాశంలో ఒక్క కాకి లేదు. గాలి కూడా నిలిచిపోయింది. తలుపు తీసేసరికి ఓళిగలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. విభూతి మీద మాత్రం వేళ్ల అచ్చులు పడి ఉన్నాయి. నాయన గడపలోనే కూలబడి ఏడ్చాడు. చూపు సరిగా ఆనని అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

“బొటనవేలు యాడుండాది పాపా?”

“వెడల్పు మీద, నిలువుగా ఉండాదవ్వా.”

చేట ముందు కూర్చుని ఆమె మా పాఠాలన్నీ విన్నదని నాకు అప్పుడే తెలిసింది.

“అయితే వాడు తీసుకోలే. తిప్పి పంపినాడు. నా కొడుకు బతికే ఉండాడు,” అని పంచె మడిచి నాయన చేతికిచ్చింది.

బతికున్నవాడు మూసిన గదిలోకి ఎలా వచ్చాడని ఎవరూ అడగలేదు. అవ్వే వేలు ఆనించి ఉంటుందని మా తమ్ముడు అంటాడు. కావచ్చు. కానీ ఆ అచ్చు మగవాడి చెయ్యంత ఉంది. పోయేదాకా అవ్వ సంగటి ముద్దకు మూత పెడుతూనే ఉంది.

ఇప్పుడు ఆ చెరువులో ఇళ్లు లేచాయి. ఉన్ని బంతి మా వైపు అంగళ్లలో కనిపించదు. ఏటా అమావాస్య ముందు తమ్ముడు ఫోన్ చేసి, “ఈసారన్నా చిన్నాయనకు పెడదామా అక్కా?” అంటాడు. బతికుంటే ఆయనకు నూరేళ్లు దాటి ఉంటాయి. “అవ్వ వద్దనింది కదప్పా,” అంటాను.

అల్లిన నరాలు తెగిన ఆ బ్యాటు నా దగ్గరే ఉంది. మనవరాలు అప్పుడప్పుడు దాన్ని తెచ్చి పట్టుకుని చూపించమంటుంది. ఎడమపక్క పట్టు చూపిస్తాను, నెట్టు దగ్గరి పట్టు చూపిస్తాను. చెయ్యి కలిపే పట్టు మాత్రం కోచ్‌నే అడగమంటాను. అది నా చెయ్యి పట్టుకుంటే, ఆ పట్టు చిన్నాయనదేనని, ఆయన ఇక లేడని ఒప్పుకోవాలి.